రాయి రంగెందుకు మారింది?

మొన్న వాషింగ్టన్ డీసీలో సెగ్వే ఎక్కాను. ముందుకి వంగితే కదుల్తుంది, వెనక్కి వాలితే ఆగుతుంది, అంతే! నగరాల్నే మార్చేస్తుందని 2001లో ఊదరగొట్టిన బండి. 2020లో తయారీ ఆపేశారనుకోండి, అది వేరే విషయం.

గైడు వాషింగ్టన్ స్మారక స్తంభం దగ్గర ఆపి పైకి చూడమన్నాడు. 555 అడుగుల స్తంభం, సుమారు 150 అడుగుల దగ్గర రాయి రంగు మారింది. ప్రాజెక్టు మధ్యలో వెండర్ మారాడు కాబోలు అని నవ్వుకున్నా. కథ విన్నాక నవ్వు రాలేదు.

1848లో చందాలతో మొదలైంది పని. పోప్ కానుకగా పంపిన రాయిని 1854లో ఎవరో ఎత్తుకుపోయారు. వలసొచ్చిన క్యాథలిక్కులంటే గిట్టని 'నో నథింగ్' పార్టీవాళ్ళ పనేనంటారు. మరుసటేడు కట్టే సంఘమే వాళ్ళ చేతుల్లోకెళ్ళింది. చందాలూ, ప్రభుత్వ సాయమూ ఆగిపోయాయి. తర్వాత అంతర్యుద్ధం. 1879లో మళ్ళీ మొదలెట్టేసరికి రాయి వేరే గనులది. 1884కి గానీ పూర్తవలేదు.

వలసవాళ్ళొద్దన్న ఆ పార్టీ 1860 నాటికే దాదాపు మాయమైంది. పోయిన రాయికి బదులుగా ఇంకో రాయిని 1982లో లోపల పెట్టారు. బయటి గీత మాత్రం అలాగే ఉంది. హెచ్-1బీ మీద బతుకుతున్న నేను దాన్ని చాలాసేపే చూశాను. పాతికేళ్ళు పని ఆగిందంటే డబ్బుల్లేకే అనుకుంటాం. డబ్బులెందుకు లేకుండాపోయాయో కూడా అడగాలి కదా!