సరస్: బెంగుళూరులో పుట్టిన చిన్న విమానం

సరస్ భారతదేశంలో రూపకల్పన జరిగిన తొలి బహుళప్రయోజన తేలికపాటి రవాణా విమానం. బెంగుళూరులోని జాతీయ వైమానికాంతరిక్ష ప్రయోగశాల, అనగా నాల్, దీనిని రూపొందించింది. సంస్కృతంలో సారస పక్షిని సూచించే పదమే దీని పేరయింది.

సంపన్నులు, సంస్థల అధిపతులు వాడే దూరప్రయాణపు జెట్ విమానాలు ఏకబిగిన పదివేల కిలోమీటర్లకు పైగా ఎగరగలవు. సరస్ ఆశయం వేరు. చిన్న పట్టణాలను నగరాలతో కలపడం, రోగులను ఆసుపత్రులకు చేర్చడం, అధికారుల ప్రయాణాలకు, తపాలాకు ఉపయోగపడడం దీని లక్ష్యాలు. పుట్టపర్తి వంటి చిన్న విమానాశ్రయాలున్న ప్రాంతాలకు ఇటువంటి విమానమే తగినది.

ఆరంభం

1980లలో నాల్ ఈ ఆలోచనను పరిశీలించింది. 1990లలో రష్యాకు చెందిన మయాసిష్చెవ్ సంస్థతో కలిసి పని సాగింది. ఆర్థిక ఇబ్బందులతో ఆ సంస్థ తప్పుకొనగా నాల్ ఒంటరిగా ముందుకు నడిచింది. 1999లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లభించింది. తొలి నమూనా 2004 మే 29న బెంగుళూరులో గగనవిహారం చేసింది.

నిర్మాణ విశేషాలు

ఇందులో 14 మంది ప్రయాణించవచ్చు. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు తోక సమీపంలో అమరి ఉంటాయి. వాటి పంఖాలు వెనుకవైపు తిరుగుతూ విమానాన్ని ముందుకు నెడతాయి. అందువలన రెక్కలపై గాలి ప్రవాహానికి అంతరాయం తగ్గుతుంది. ప్రయాణికులకు శబ్దమూ తక్కువగా వినిపిస్తుంది. ఎత్తున ఎగిరేటపుడు లోపల గాలి పీడనం నిలిచి ఉండే ఏర్పాటు కూడా ఉంది.

అయితే తొలి నమూనా బరువు నిర్దేశించినదానికంటే చాలా ఎక్కువయింది. అందుచేత రెండవ నమూనాలో తేలికైన మిశ్రమ పదార్థాలను, 1,200 అశ్వశక్తి గల ఇంజన్లను వాడారు. అది 2007 ఏప్రిల్ 18న ఎగిరింది.

విషాదం

2009 మార్చి 6న ఆ రెండవ నమూనా పరీక్షా విహారంలో బిడది సమీపాన కూలిపోయింది. వింగ్ కమాండర్లు ప్రవీణ్ కోటెకొప్ప, దీపేశ్ షా, స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా ప్రాణాలు కోల్పోయారు. గాలిలో ఒక ఇంజనును ఆపి, తిరిగి రగిలించే పరీక్ష అప్పుడు జరుగుతున్నది. అందుకు నిర్ణయించిన పద్ధతి సరైనది కాదనీ, పరీక్ష జరిపిన ఎత్తు చాలదనీ విచారణలో తేలింది. పరీక్షా చోదకుల ధైర్యానికి తోడు భూమిపై రూపకర్తల జాగ్రత్త ఎంత అవసరమో ఈ ఘటన చాటింది.

పునరారంభం

కొన్నేళ్ళు పనులు స్తంభించాయి. అనంతరం మార్పులు చేసిన తొలి నమూనా 2018 జనవరి 24న తిరిగి ఎగిరి, సుమారు 8,500 అడుగుల ఎత్తు అందుకొన్నది. ఆ అనుభవంతో 19 మంది కూర్చునే మార్క్-2 రూపకల్పనకు నాల్ పూనుకొన్నది.

నమూనా ఎగిరినంత మాత్రాన విమానం సిద్ధమైనట్లు కాదు. బరువు, భద్రత, ధ్రువీకరణ అనే మూడు మెట్లు ఎక్కిన తరువాతనే ప్రయాణికులు అందులో అడుగు పెట్టగలరు. సరస్ సుదీర్ఘ చరిత్ర నేర్పే పాఠం ఇదే.