పది మెట్ల నిచ్చెన
డబ్బుకూ ఆనందానికీ లెక్క వెతికిన కథ

ఒక నిరుపేద చేతికి ఎలాగో ఒక లాటరీ టికెట్టు వచ్చింది. తగిలితే 20,000 బంగారు డకాట్లు, తగలకపోతే ఏమీ లేదు. రెండింటికీ సరిసమానమైన అవకాశం. ఇంతలో ఒకరొచ్చి 9,000 ఇస్తాను, టికెట్టు నాకిచ్చేయమన్నారు. సగటు లెక్క కడితే టికెట్టు విలువ 10,000. అమ్మితే వెయ్యి నష్టం. అయినా ఆ పేదవాడు అమ్మేయడమే మంచిదన్నారు స్విట్జర్లాండ్ గణితవేత్త డేనియల్ బెర్నౌలీ. అదే టికెట్టు 9,000కు దొరుకుతున్నా కొనకుండా వదులుకుంటే ధనికుడిది మాత్రం పొరపాటేనన్నారు.

1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ అచ్చువేసిన వ్యాసంలోది ఈ ఉదాహరణ. నాణెం ఒకటే అయినా అది చేరే చేతిని బట్టి దాని బరువు మారుతుందని బెర్నౌలీ గుర్తించారు. కొత్తగా వచ్చే సొమ్ము ఇచ్చే తృప్తి, అప్పటికే ఉన్న సొమ్ము పెరిగేకొద్దీ తగ్గుతూ పోతుందని సూత్రం కట్టారు. 10,000 ఉన్నవాడికి మరో 10,000 చేరితే ఎంత తృప్తో, లక్ష ఉన్నవాడికి అంత తృప్తి కలగాలంటే మరో లక్ష చేరాలి. మన బళ్లలో లాగరిథమ్ పేరుతో నేర్పే లెక్క ఇదే.

ఊహ బాగానే ఉంది. కానీ మనిషి తృప్తిని కొలిచిన అంకె ఒక్కటీ ఆయన దగ్గర లేదు. ఆ అంకెలు చేతికి రావడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

లేని యంత్రం, మూసిన తలుపు

1881లో ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త ఒక యంత్రాన్ని ఊహించారు. మనిషి అనుభవిస్తున్న సుఖాన్ని క్షణక్షణం నమోదు చేసే ‘హెడోనిమీటర్’ అది. జ్వరాన్ని కొలిచినట్టు ఆనందాన్నీ కొలవగలిగితే, ఏ పని మనుషులకు మేలు చేస్తుందో తేల్చేయవచ్చని ఆయన ఆశ. ఆ రోజుల్లో అలాంటి యంత్రాన్ని ఎవరూ తయారు చేయలేకపోయారు.

1932లో లండన్ ఆర్థికవేత్త లయొనెల్ రాబిన్స్ ఆ తలుపు మూసేశారు. ఒకరి తృప్తిని మరొకరి తృప్తితో పోల్చడానికి శాస్త్రీయమైన దారి లేదని ఆయన వాదించారు. ఆ తర్వాత ఆర్థికశాస్త్రం మనుషుల మాటలు వినడం తగ్గించి, వాళ్లు ఏం కొంటున్నారో చూడడం మొదలుపెట్టింది. అదే రోజుల్లో జాతీయాదాయం లెక్కలు పుట్టాయి. అమెరికాకు ఆ లెక్క కట్టిపెట్టిన సైమన్ కుజ్‌నెట్స్, ఈ అంకెను చూసి దేశ క్షేమాన్ని అంచనా వేయడం కష్టమని 1934లోనే హెచ్చరించారు. ఆ హెచ్చరికను లోకం పెద్దగా పట్టించుకోలేదు. ఆదాయం పెరిగితే ఆనందం దానంతటదే పెరుగుతుందని అందరూ అనుకున్నారు.

ఎవరి నిచ్చెన వారిదే

మూసిన తలుపును మళ్లీ తెరిచింది ఒక మనస్తత్వవేత్త. ప్రిన్స్‌టన్‌లో పనిచేసిన హాడ్లీ కాంట్రిల్ పద్ధతి చాలా సులువైనది. ముందు ఎదుటి మనిషిని, నువ్వు ఊహించగలిగిన అతి మంచి బతుకు ఎలా ఉంటుందో చెప్పమనాలి. తర్వాత అతి చెడ్డ బతుకు ఎలా ఉంటుందో చెప్పమనాలి. అప్పుడు ఒక నిచ్చెన బొమ్మ చూపాలి. పై మెట్టు 10, అంటే ఆ మంచి బతుకు. అడుగు 0, అంటే ఆ చెడ్డ బతుకు. ఇప్పుడు నువ్వు ఏ మెట్టు మీద నిలబడ్డావని అడగాలి.

నిచ్చెన ఎవరిది వారే కట్టుకుంటారు, మెట్టూ వారే చెబుతారు. చదువు రానివారూ జవాబు చెప్పగలరు. కాంట్రిల్ బృందం డజనుకు పైగా దేశాల్లో వేలాదిమందిని ఇలా ప్రశ్నించింది. వాటిలో మన దేశమూ ఉంది. 1965లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి.

అందులో ఒక భారతీయ వ్యవసాయ కూలీ తన మంచి బతుకు గురించి చెప్పారు. వయసు 35. ఇతరుల పొలంలో పనిచేస్తున్న ఆయనకు ఒక కొడుకు కావాలి, సొంతంగా కాస్త నేల కావాలి. ఒక ఇల్లు, పాలకూ నెయ్యికీ ఒక ఆవు, భార్యకు ఇంకాస్త మంచి బట్టలు. ఇవి సమకూరితే చాలు, సుఖంగా ఉంటానన్నారు. అమెరికాలో ఒక నైపుణ్యం గల కార్మికుడికి సొంత ఇల్లు, మెరుగైన ఫర్నిచర్, కొత్త కారు, మరిన్ని సెలవు యాత్రలు కావాలి. ఇద్దరి నిచ్చెనలకూ పది మెట్లే. మొదటివారి పైమెట్టు మాత్రం రెండోవారి కింది మెట్లకు కూడా అందదు.

ఈస్టర్లిన్ చిక్కుముడి

ఈ సర్వేలను ఆర్థికవేత్త కంటితో చూసినవారు రిచర్డ్ ఈస్టర్లిన్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన కుజ్‌నెట్స్ శిష్యుడు. గురువు హెచ్చరికను శిష్యుడు పరీక్షకు పెట్టాడనుకోవచ్చు. 19 దేశాల్లో జరిగిన 30 సర్వేలను ముందు పెట్టుకుని 1974లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు.

ఒకే దేశంలో, ఒకే సమయంలో చూస్తే, డబ్బున్నవారు లేనివారికంటే ఎక్కువ ఆనందంగా ఉన్నామని చెబుతున్నారు. అమెరికాలో అతి తక్కువ ఆదాయం గలవారితో పోలిస్తే, చాలా సంతోషంగా ఉన్నామన్నవారి శాతం అగ్రశ్రేణిలో దాదాపు రెట్టింపు. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాతికేళ్లలో ఆ దేశ ఆదాయం బాగా పెరిగినా, మొత్తం ప్రజల ఆనందం మాత్రం ఉన్నచోటే ఉంది. ఒక్కొక్కరికీ మేలు చేసేది అందరికీ కలిపి ఎందుకు చేయలేదు?

ఈస్టర్లిన్ చెప్పిన కారణం మనకు కొత్త కాదు. మనిషి తన ఆదాయాన్ని ఒంటరిగా తూచడు, పక్కవాడి ఆదాయంతో కలిపి తూస్తాడు. వీధిలో అందరి ఇళ్లూ మేడలైతే నా మేడ ఘనత ఏముంది? ఆదాయంతోపాటు ఆశలూ పెరుగుతాయి, నిచ్చెన కూడా మనతోపాటే పైకి కదులుతుంది.

దీనిమీద వాదం ఇప్పటికీ ఆగలేదు. 2008లో బెట్సీ స్టీవెన్‌సన్, జస్టిన్ వోల్ఫర్స్ మరెన్నో దేశాల సమాచారంతో, సంపన్న దేశాల ప్రజలు నిచ్చెన మీద పైమెట్లలోనే ఉన్నారని చూపించారు. వారి గీతలు తిన్నగా కనిపించింది బెర్నౌలీ లాగరిథమ్ మీదే. ఈస్టర్లిన్ మాత్రం దీర్ఘకాలపు లెక్కలు చూడండంటూ 2024లో, 98 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా తన మాట మీదే నిలబడ్డారు.

లాటరీ తగిలినవారిని అడిగితే

బెర్నౌలీ ఊహించిన లాటరీ మనిషిని 1978లో నిజంగానే వెతికి పట్టుకున్నారు. ఫిలిప్ బ్రిక్‌మన్, డాన్ కోట్స్, రోనీ జానాఫ్-బుల్మన్ ఇల్లినాయ్ రాష్ట్ర లాటరీలో 50,000 డాలర్ల నుంచి 10 లక్షల డాలర్ల దాకా గెలిచిన 22 మందిని ప్రశ్నించారు. లాటరీ తగలని మామూలు మనుషులకంటే వారు చెప్పుకోదగ్గంత ఎక్కువ ఆనందంగా లేరు. స్నేహితుడితో కబుర్లు, పొద్దుటి ఫలహారం, ఒక మెచ్చుకోలు మాట లాంటి చిన్న చిన్న విషయాల్లో వారికి కలిగే సంతోషం మామూలువారికంటే తక్కువని కూడా తేలింది.

ఆ అధ్యయనం ప్రపంచమంతా పాకింది. డబ్బొచ్చినా ఏమీ మారదన్నదానికి రుజువుగా దాన్ని చాలామంది వాడుకున్నారు. 22 మందితో అంత పెద్ద మాట చెప్పడం కుదరదు. 2020లో వచ్చిన స్వీడన్ అధ్యయనం వేలమంది లాటరీ ఆటగాళ్లను, పందెం ముగిసిన 5 నుంచి 22 ఏళ్ల తర్వాత ప్రశ్నించింది. పెద్ద మొత్తాలు గెలిచినవారి జీవిత సంతృప్తి పెరిగింది, ఆ పెరుగుదల పదేళ్లు దాటినా చెదరలేదు. రోజువారీ ఉల్లాసంలో తేడా మాత్రం చిన్నదే. బతుకు గురించి మనం ఇచ్చే తీర్పు వేరు, ఈ పూట మనసు ఎలా ఉందన్నది వేరు. డబ్బు మొదటిదాని మీద గట్టిగా, రెండోదాని మీద మెల్లగా పనిచేస్తుంది.

75,000 డాలర్ల గీత

ఆ తేడాను తేటగా పట్టి చూపినవారు ఇద్దరు నోబెల్ గ్రహీతలు, డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్. 2008, 2009 సంవత్సరాల్లో అమెరికన్లు గాలప్ సర్వేకు ఇచ్చిన నాలుగున్నర లక్షలకు పైగా జవాబులను వారు పరిశీలించారు. నిచ్చెన మీద మెట్టు ఎక్కడని అడిగితే, ఆదాయం పెరిగేకొద్దీ మెట్టూ పెరుగుతూనే ఉంది. నిన్న నవ్వావా, దిగులుపడ్డావా, ఒత్తిడి పడ్డావా అని అడిగితే మాత్రం, ఏడాదికి సుమారు 75,000 డాలర్ల దగ్గర ఆ మేలు ఆగిపోయింది.

2010లో ఈ అంకె పత్రికలన్నిటికీ ఎక్కింది. దాని వెలుగులో అదే వ్యాసంలోని మరో మాట మరుగున పడింది. నాకు అంతకంటే ముఖ్యమైనది ఆ మాటే. విడాకులు, అనారోగ్యం, ఒంటరితనం అందరినీ బాధిస్తాయి. ఆదాయం తక్కువైన వారిలో ఆ బాధ మరింత లోతుగా దిగుతుంది. కష్టం ఒకటే అయినా పేదవాడికి తగిలే దెబ్బ పెద్దది.

ప్రత్యర్థులు ఒకే బల్ల దగ్గర

ఎడ్జ్‌వర్త్ కలగన్న యంత్రం చివరికి మన జేబుల్లోకే వచ్చింది. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ తయారుచేసిన ఫోన్ యాప్, రోజులో ఏదో ఒక వేళ మోగి, ఈ క్షణాన మీకెలా ఉందని అడుగుతుంది. అవును, కాదు అనే రెండు జవాబులకు బదులు, చాలా చెడ్డగా నుంచి చాలా బాగా వరకు సాగే గీత మీద చుక్క పెట్టాలి. 33,391 మంది ఉద్యోగులు ఇచ్చిన 17 లక్షలకు పైగా జవాబులతో 2021లో ఆయన వ్యాసం ప్రచురించారు. 75,000 దాటినా ఆనందం ఆగలేదు, పెరుగుతూనే పోయింది. ఆ పెరుగుదల కూడా లాగరిథమ్ దారిలోనే ఉంది. నా బతుకు నా చేతిలో ఉందన్న ధీమాయే ఈ సంబంధంలో దాదాపు నాలుగింట మూడు వంతులకు కారణమని కూడా ఆయన లెక్కలు సూచించాయి.

నోబెల్ గ్రహీత మాట ఒకటి, యువ పరిశోధకుడి మాట ఒకటి. ఇక్కడ కానెమన్ చేసిన పని ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలిస్తుంది. ఆయన తన పాత వ్యాసాన్ని కాపాడుకోవడానికి పూనుకోలేదు. బార్బరా మెలర్స్‌ను మధ్యవర్తిగా కూర్చోబెట్టుకుని, తనతో విభేదించిన కిల్లింగ్స్‌వర్త్‌తో కలిసి లెక్కలన్నీ మళ్లీ తిరగేశారు.

2023లో జవాబు వచ్చింది. పాత సర్వేలోని అవును, కాదు ప్రశ్నలు ఆనందంగా ఉన్నవారి మధ్య తేడాలను పట్టలేవు. దుఃఖంలో ఉన్నవారి మధ్య తేడాలనే బాగా పడతాయి. అందువల్ల ఆ గీత అబద్ధం కాదు, అది కొందరి గీత. అతి తక్కువ ఆనందంగా ఉన్న 15 నుంచి 20 శాతం మందిలో, దాదాపు లక్ష డాలర్ల దాకా ఆదాయంతోపాటు మనసు వేగంగా కుదుటపడుతుంది, ఆపైన ఇక మార్పు ఉండదు. డబ్బు తీర్చగల దిగులంతా తీరిపోయాక మిగిలేది ఆప్తుల మరణం, గుండెకోత, మనసుకు పట్టిన జబ్బు లాంటివి. మిగతా అందరిలోనూ ఆనందం ఆదాయంతోపాటు పెరుగుతూనే ఉంటుంది.

ఎవరి చేతికి, ఏ సమయానికి

ఇదే కాలంలో మరో పని జరిగింది. ఆదాయాన్ని బట్టి ఊహించడం మాని, నేరుగా డబ్బిచ్చి చూశారు. పశ్చిమ కెన్యా పల్లెల్లో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ పేద కుటుంబాలకు ఏ షరతూ లేకుండా మొబైల్ ఫోన్ ద్వారా సొమ్ము పంపింది. యోహానెస్ హౌషోఫర్, జెరెమీ షాపిరో దాని ఫలితాలు చూశారు. ఆస్తులు పెరిగాయి, తిండి మెరుగుపడింది, మనసులు తేలికపడ్డాయి. పక్కింటికి వచ్చి తమకు రానివారి సంతృప్తి కొంత తగ్గింది, తర్వాత ఆ బాధ సర్దుకుంది. ఈస్టర్లిన్ చెప్పిన పోలిక పల్లెలోనూ పనిచేసింది.

మన పక్కనే తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు, కోతకు ముందూ కోత తర్వాతా ఆలోచనను పరీక్షించే అవే ప్రశ్నలు ఇచ్చారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, చేతిలో డబ్బు లేని రోజుల్లో అదే రైతు పరీక్షలో వెనకబడ్డారు, పంట సొమ్ము వచ్చాక మెరుగ్గా చేశారు. తెలివి మారలేదు. అప్పులూ వాయిదాలూ ఆక్రమించిన మనసుకు కొంత తెరిపి దొరికింది. ఇక అవసరాలు తీరినవారి సంగతి. 2008లో కెనడాలోని వాంకూవర్‌లో విద్యార్థులకు 5 లేదా 20 డాలర్లు ఇచ్చి, కొందరిని తమకోసం, మరికొందరిని ఇతరుల కోసం సాయంత్రంలోగా ఖర్చుపెట్టమన్నారు. ఇతరుల కోసం ఖర్చుపెట్టినవారే ఎక్కువ సంతోషంగా ఉన్నామన్నారు. మొత్తం ఐదా, ఇరవయ్యా అన్నది తేడా చూపలేదు.

ఇన్ని అధ్యయనాలూ చివరికి బెర్నౌలీ చెప్పిన దగ్గరికే చేరాయి. డబ్బు ఆనందాన్ని ఇస్తుంది, అందరికీ ఒకే మోతాదులో ఇవ్వదు. అది అన్నిటికంటే నమ్మకంగా చేసే పని దుఃఖాన్ని తగ్గించడం. అందుకే ‘డబ్బులో ఏముంది’ అనే మాటను, ఎవరికి చెబుతున్నామో చూసుకుని చెప్పాలి. ఇల్లూ వైద్యమూ చదువూ కుదిరినవారికి అది మంచి సలహా. వారికి ఇంకో లక్షకంటే, అయినవారితో గడిపే సాయంత్రమూ, ఒకరికి చేసిన సాయమూ ఎక్కువ ఇస్తాయి. కూలి డబ్బు కోసం ఎదురుచూసే మనిషికి, ఆసుపత్రి బిల్లు చేతిలో పట్టుకున్న తల్లికి ఆ మాట చెప్పడం అన్యాయం. ధాన్యం సొమ్ము, ఉపాధి కూలి, పింఛను సకాలంలో చేతికందేలా చూడడం వారి కడుపుకే కాదు, మనసుకూ చేసే వైద్యం. ఒక సమాజంలో ఆనందం పెరగాలంటే ముందుగా నింపాల్సింది ఆ చేతులనే. అక్కడ వేసిన రూపాయి చేసినంత మేలు మరెక్కడా చేయదు.