బోరునీటి కాఠిన్యానికి ఇంట్లోనే విరుగుడు

మహానంది: నల్లమల పాదాల చెంత వెలసిన మహానంది క్షేత్రంలో కోనేటి నీరు అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. అయితే తేటగా ఉన్న నీరంతా మృదుజలం కాదు. కుందూ పరీవాహక ప్రాంతంలో పలుచోట్ల నేల కింద సున్నపురాతి పొరలున్నాయి. కోవెలకుంట్ల పేరుతో భూగర్భ శాస్త్రంలో ఒక సున్నపురాతి పొరే ఉంది. ఈ రాళ్లలోకి ఇంకిన వాననీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరుగుతాయి. బోరునీటికి కాఠిన్యం కలిగించేవి ఇవే.

గుర్తించేదెలా: సబ్బు నురగ రాదు. కందిపప్పు త్వరగా ఉడకదు. గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది. వాననీటితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. డిటర్జెంట్ పొడి కఠినజలంలోనూ నురగనిస్తుంది గనుక ఈ పరీక్షకు సబ్బునే వాడాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేరే వనరు లేనపుడు 600 వరకు అనుమతిస్తారు. కచ్చితమైన లెక్క ప్రయోగశాల పరీక్షలోనే తేలుతుంది.

ఖర్చు లేని మార్గాలు: బైకార్బొనేట్ల వల్ల కలిగే తాత్కాలిక కాఠిన్యం నీటిని మరిగించి, తేర్చి, వడకడితే తగ్గుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల కలిగే శాశ్వత కాఠిన్యం మరిగించినా పోదు. బట్టలుతికే నీటికి మాత్రం బట్టల సోడా కలిపితే సరిపోతుంది. పాత్రలకు పట్టిన తెల్లటి పొర నిమ్మరసానికి కరుగుతుంది. గీజరులో ఆ పొర పేరుకుంటే కరెంటు ఖర్చు పెరిగి, హీటింగ్ కాయిల్ త్వరగా పాడవుతుంది.

సాఫ్టెనర్ కొనే ముందు: ఇందులోని రెజిన్ గుళికలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని సోడియంను విడుదల చేస్తాయి. గుళికల శక్తి తగ్గినపుడు ఉప్పునీటితో శుద్ధి చేయాలి. సాఫ్టెనర్ ఫ్లోరైడును తొలగించదు, నీటిలో కరిగిన మొత్తం లవణాలనూ తగ్గించదు. అందుకు ఆర్వో యంత్రం వేరు. ఉప్పు తగ్గించాలని వైద్యులు సూచించిన రక్తపోటు రోగులున్న ఇళ్లలో వంటింటి కుళాయిని సాఫ్టెనర్‌కు కలపకుండా విడిగా ఉంచడం మేలు. శుద్ధి చేయగా వెలువడే ఉప్పునీటిని పెరటి మొక్కలకు, అరటి తోటలకు వదలరాదు. నేల చౌడుబారుతుంది.

కాల్షియం, మెగ్నీషియం శరీరానికి అవసరమైనవే. కాఠిన్యం ఉన్నంత మాత్రాన నీరు విషం కాదు. ముందు పరీక్ష, తరువాతే కొనుగోలు అన్నది పాటిస్తే వేల రూపాయలు వృథా కావు.