వర్జీనియాలో మరణశిక్ష: రద్దుకు ముందే జరిగిన రద్దు

2021 మార్చి 24న గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ గ్రీన్స్‌విల్ కారాగారానికి వెళ్లి, మరణశిక్ష రద్దు బిల్లుపై అక్కడే సంతకం చేశారు. అంతర్యుద్ధంలో దక్షిణ పక్షాన నిలిచిన రాష్ట్రాల్లో ఈ శిక్షను వదులుకున్న మొదటిది వర్జీనియా. 2020లో జాతి వివక్షపై పెల్లుబికిన నిరసనలూ, చట్టసభల్లో డెమోక్రాట్ల ఆధిక్యమూ ఇందుకు కారణాలని సాధారణంగా చెబుతారు. అది కాదనలేం. కానీ ఆ సంతకం నాటికి రాష్ట్రంలో మరణశిక్ష పడి మిగిలిన ఖైదీలు ఇద్దరే. 2011 తర్వాత కొత్తగా ఎవరికీ ఆ శిక్ష పడనే లేదు. చట్టసభ చేసింది ముగింపు లాంఛనం మాత్రమేననీ, అసలు మార్పు అంతకుముందే విచారణ కోర్టుల్లో జరిగిపోయిందనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

1608లో జేమ్స్‌టౌన్‌లో కెప్టెన్ జార్జ్ కెండాల్‌ను స్పెయిన్ గూఢచారిగా అనుమానించి కాల్చి చంపారు. అది మొదలు నాలుగు శతాబ్దాల్లో 1,300 మందికి పైగా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మరే అమెరికన్ రాష్ట్రమూ ఇంతమందిని చంపలేదు. 1796లో మరణశిక్షను ప్రధానంగా మొదటి తరగతి హత్యకే పరిమితం చేశారు గానీ, ఆ దయ స్వేచ్ఛాజీవులకే. బానిసలకు ఉరి పడే నేరాల జాబితా పొడుగ్గానే మిగిలింది. పైగా, బానిసను ఉరితీస్తే యజమానికి ఖజానా నుంచి పరిహారం ముట్టేది. పోయింది ప్రాణం కాదు, ఆస్తి అన్నది ఆనాటి లెక్క. ఈ చట్టాన్ని సంస్కరణ అనాలంటే బానిసలను మనుషుల్లోంచి తీసేయాలి.

1908లో ఊరూరా జరిగే ఉరి స్థానంలో రిచ్‌మండ్ జైల్లో విద్యుత్ కుర్చీ వచ్చింది. శిక్ష అమలు వివరాలు పత్రికలు ప్రచురించకూడదని అదే చట్టం ఆంక్ష పెట్టింది. 1912లో వర్జీనియా క్రిస్టియన్ అనే నల్లజాతి అమ్మాయిని, పదిహేడేళ్లు నిండిన మర్నాడే, ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

ఈ చరిత్రలో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు మార్టిన్స్‌విల్. 1949లో ఒక శ్వేతజాతి మహిళపై అత్యాచారం చేశారన్న అభియోగంపై ఏడుగురు నల్లజాతి పురుషులను విచారించారు. జ్యూరీల్లో అందరూ తెల్లవాళ్లే, అందరూ మగవాళ్లే. ఏడుగురికీ మరణశిక్షే పడింది. అప్పీళ్లలో నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ న్యాయవాదులు కొత్త దారి తొక్కారు. సాక్ష్యాల జోలికి పోకుండా గణాంకాలు పరిచారు. 1908 నుంచి అత్యాచార నేరానికి 45 మంది నల్లజాతివారిని చంపిన రాష్ట్రం, అదే నేరానికి ఒక్క తెల్లవాణ్ణీ చంపలేదని చూపించారు. కోర్టులు ఆ అంకెలకు లొంగలేదు. 1951 ఫిబ్రవరి 2న నలుగురినీ, 5న ముగ్గురినీ చంపేశారు. జాతి వివక్షను లెక్కలతో నిరూపించే ఈ పద్ధతే తర్వాతి దశాబ్దాల్లో మరణశిక్ష వ్యాజ్యాలకు ప్రధాన ఆయుధమైంది.

కొన్నాళ్లు ఆగిన మరణశిక్షకు 1976లో అమెరికా సుప్రీంకోర్టు మళ్లీ తలుపు తెరిచాక, 1982 నుంచి 2017 వరకు వర్జీనియా 113 మందిని చంపింది. ఇక్కడ గమనించాల్సింది సంఖ్య కన్నా వేగం. తీర్పు వెలువడి 21 రోజులు దాటితే, నిర్దోషి అనడానికి కొత్త ఆధారం దొరికినా కోర్టు చూడదన్నది చాలాకాలం నిబంధన. మేధోవైకల్యం ఉన్న ఎర్ల్ వాషింగ్టన్ 1985లో మరణానికి తొమ్మిది రోజుల దూరం దాకా వెళ్లి ఆగాడు. 1994లో శిక్ష యావజ్జీవంగా మారింది. డీఎన్‌ఏ పరీక్షల తర్వాత 2000లో క్షమాభిక్ష దొరికింది. రెండుసార్లూ అతణ్ణి కాపాడింది కోర్టు కాదు, గవర్నర్ల కలం. మేధోవైకల్యం ఉన్నవారికి మరణశిక్ష తగదని 2002లో సుప్రీంకోర్టు తేల్చిన అట్కిన్స్ కేసూ ఈ రాష్ట్రానిదే.

మరి ఈ యంత్రం ఎందుకు ఆగింది? 1995 నుంచి పెరోల్ పోయింది. యావజ్జీవం అంటే నిజంగానే జీవితాంతం అయింది. అంతకన్నా ముఖ్యం, 2000ల తొలినాళ్లలో ఏర్పడిన ప్రాంతీయ డిఫెండర్ కార్యాలయాలు. అంతకుముందు నిందితుడికి దొరికేది తక్కువ ఫీజుకు కోర్టు నియమించిన వకీలు. ఇప్పుడు మరణశిక్ష కేసులే పనిగా పెట్టుకున్న న్యాయవాదులు, పరిశోధకులు, నిందితుడి బాల్యాన్నీ రోగాలనూ తవ్వితీసే నిపుణులు వచ్చారు. జ్యూరీ ముందు పోరు ఖర్చుతోనూ అనిశ్చితితోనూ కూడుకున్నదయ్యేసరికి, ప్రాసిక్యూటర్లు యావజ్జీవంతో సరిపెట్టుకోవడానికి మొగ్గుచూపారు. మనసులు మారాయనడం కన్నా, మరణశిక్ష సాధించడం కష్టమైపోయిందనడం నాకు సబబుగా తోస్తుంది. మంచి వకీలు దొరికితే తగ్గిపోయే శిక్ష అంతకుముందు నేరాన్ని బట్టి పడిందా, పేదరికాన్ని బట్టి పడిందా అన్న ప్రశ్న వెనక్కి, ఆ 113 మందిదాకా వెళ్తుంది.

2021 ఆగస్టు 31న నార్తమ్ మార్టిన్స్‌విల్ ఏడుగురికీ మరణానంతర క్షమాభిక్ష ప్రకటించారు. అందులో వాళ్లు నిర్దోషులని చెప్పలేదు. న్యాయబద్ధమైన విచారణ వాళ్లకు దక్కలేదని ఒప్పుకున్నారు.