నిద్ర, మత్తు, పురుషశక్తి

హైదరాబాదుకు పడమట నున్న నల్లగండ్ల ఒకప్పుడు చెరువు, పొలాలు గల పల్లె. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసిన తరువాత ఆ ప్రాంతపు జీవనమే మారినది. అమెరికాలో తెల్లవారే వేళకు ఇక్కడ సాయంకాలం. అక్కడి పనిగంటల ననుసరించి కొలువు చేసేవారికి నిద్ర పగటి పాలైనది. మేలుకొనుటకో, అలసట మరచుటకో మత్తుపదార్థాల నాశ్రయించేవారు ఏ నగరంలోనైనా కొందరుంటారు. ఈ రెండు అలవాట్లూ పురుషశక్తిని ఎట్లు కుంగదీస్తాయో తెలుసుకొనుటకు శాస్త్రజ్ఞులకు చాలాకాలం పట్టినది.

నిద్రకూ పురుషత్వానికీ సంబంధ మున్నదన్న భావన పాతదే. చరక సంహిత సూత్రస్థానం బలాబలాలతో పాటు పుంస్త్వ నపుంసకత్వాలను కూడ నిద్రకే ముడిపెట్టినది. కారణం మాత్రం 20వ శతాబ్దంలోనే బయటపడినది. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఎర్నెస్ట్ లాకర్ బృందం ఎద్దుల వృషణాల నుండి టెస్టోస్టిరోన్ అనే హార్మోనును వేరుచేసినది. ఇది వృషణాలలో పుట్టినా, ఆజ్ఞ మెదడు నుండి రావలెను. మెదడు అడుగుభాగాన గల హైపోథలమస్ పిట్యూటరీ గ్రంథిని, ఆ గ్రంథి వృషణాలను ప్రేరేపిస్తాయి. హైపోథలమస్ పంపే ప్రేరక హార్మోను నిర్మాణం 1971లో తెలిసినది.

టెస్టోస్టిరోన్ నిద్రలో పెరిగి ఉదయానికి ఉచ్చస్థాయి నందుకొంటుంది. షికాగో విశ్వవిద్యాలయంలో 10 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఒక వారంపాటు రాత్రికి 5 గంటలే నిద్రపోనిచ్చి పరీక్షించినారు. వారి పగటి టెస్టోస్టిరోన్ 10 నుండి 15 శాతం తగ్గినదని 2011లో ప్రకటించినారు. వయస్సు వలన కలిగే తగ్గుదల ఏటికి 1, 2 శాతమే. అనగా కొన్నేళ్ల ముసలితనం ఒక్క వారంలో వచ్చినట్లే.

నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్ కూడ ఈ గొలుసునే మొదట తెంచుతాయి. హైపోథలమస్ ఆజ్ఞ అణగిపోతుంది. కొకెయిన్, ఆంఫెటమిన్‌ల దారి వేరు. అవి రక్తనాళాలను బిగిస్తాయి. అంగస్తంభనకు నాళాలు వదులై రక్తం నిండవలెను. ఆ పని చేయించేది నైట్రిక్ ఆక్సైడ్. ఆ వాయువు రక్తనాళాలపై చేసే పనిని కనుగొన్న ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి లభించినది. గంజాయి విషయంలో తీర్పు అంత సులభం కాలేదు. అది టెస్టోస్టిరోన్‌ను తగ్గిస్తుందని 1974లో కొలోడ్నీ బృందం ప్రకటించగా, అదే ఏడు మెండెల్సన్ బృందానికి ఆ తగ్గుదల కనిపించలేదు.

ఈ చరిత్ర నేర్పే పాఠ మొకటున్నది. శక్తి సన్నగిల్లినప్పుడు సిగ్గుపడి, ప్రకటనలు చూచి లేహ్యాలు కొనేవారు అసలు కారణాన్ని విడిచిపెడుతున్నారు. కంటినిండ నిద్ర, మత్తుకు దూరం, వైద్యునితో దాపరికం లేని మాట - ముందుగా కావలసినవి ఇవే.