రాయి పేరు పెట్టుకున్న జెల్లీ

ఒకప్పుడు కోరంగి ఓడలు చేరిన రంగూనే నేటి యాంగోన్. అక్కడ తీపి తినుబండారాలు అమ్మేచోట ‘చౌక్ చో’ ముక్కలు కనిపిస్తాయి. పైన తెల్లటి కొబ్బరిపాల పొర, కింద తేటగా మెరిసే పొర. రెండూ విడివిడిగా పోయనక్కర్లేదు. సముద్రపు నాచు నుంచి తీసిన అగర్‌ను, అదే మనం చైనా గ్రాస్ అంటామే, దాన్ని మరిగించి చక్కెర, కొబ్బరిపాలు కలిపి పళ్లెంలో పోస్తే, చల్లారేలోపు కొబ్బరి మీగడ తనంతట తనే పైకి తేలుతుంది. ‘చౌక్’ అంటే బర్మీస్‌లో రాయి. ఎండకు కూడా కరగని ముక్కకు ఆ పేరు తగిందే.

నూటికి ఒక పాలు అగర్ చాలు, మిగతా నీళ్లన్నీ కదలకుండా నిలబడతాయి. అగర్‌లోని పొడవాటి చక్కెర గొలుసులు జడల్లా అల్లుకుని, ఆ జడలు కట్టలు కట్టి, నీటిని పట్టే వల అవుతాయి. 40 డిగ్రీల లోపే పేరుకునే ఈ వల విడిపోవాలంటే సుమారు 85 డిగ్రీల వేడి కావాలి.

1881లో ఫానీ హెస్సేకు అక్కరకొచ్చింది ఈ గుణమే. జర్మనీలో ఆమె భర్త వాల్టర్ సూక్ష్మజీవులను పెంచే జెలటిన్ వేసవి వేడికి నీరైపోతుంటే, జావాలో ఉండి వచ్చిన పరిచయస్తుల వల్ల తెలిసిన అగర్‌ను వాడి చూడమంది. మరుసటి ఏడు క్షయ క్రిమిపై రాసిన వ్యాసంలో, వాల్టర్ పనిచేసిన ప్రయోగశాల అధిపతి రాబర్ట్ కోక్ అగర్‌ను ప్రస్తావించాడు గానీ ఆమె పేరు ఎత్తలేదు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే జడ ఎంత బిగించినా విడిపోయేదే. 1971లో స్వీడన్‌లోని ఉప్సాలాలో యెర్కెర్ పోరాత్ బృందం ఆ గొలుసులకు కుట్లు వేసింది. ఎపిక్లోరోహైడ్రిన్ అనే రసాయనం క్షారంలో ఒక గొలుసును పక్కదానితో మూడు కార్బన్ల వంతెన వేసి కలుపుతుంది. అలా కుట్టిన అగరోజ్ (అగర్‌లో పేరుకునే భాగం) పూసలు 120 డిగ్రీల ఆవిరిలో పెట్టినా కరగవు. ప్రోటీన్లను శుద్ధిచేసే గొట్టాల్లో నింపేది ఇలాంటి పూసలనే.

కుట్లు మరీ ఎక్కువైతే జెల్లీ గట్టిపడుతుంది, పెళుసూ అవుతుంది. దీనికి విరుగుడు 2003లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో దొరికింది. గాంగ్ జియాన్‌పింగ్ బృందం ఒకే జెల్లీలో రెండు వలలు అల్లింది. ఒకటి బిర్రుగా కుట్టింది, రెండోది వదులుగా సాగేది. లాగినప్పుడు బిర్రు వల పోగులు అక్కడక్కడా తెగిపోతూ దెబ్బను తామే భరిస్తాయి, వదులు వల ముక్కను విడిపోనివ్వదు. 90 శాతం నీళ్లే ఉన్న ఆ జెల్లీ, మోకాలి కీలులోని మృదులాస్థిలాగా, నొక్కితే అణుగుతుంది, పగలదు.