క్లచ్ అరుగుదల, వారంటీ పత్రం: ఒక వివాదపు చరిత్ర

కొన్న ఏడాది తిరగకముందే కారు క్లచ్ పాడైతే ఆ ఖర్చు తయారీ కంపెనీ భరించాలా, నడిపిన మనిషి భరించాలా అన్న వివాదం నేటి సర్వీస్ సెంటర్లలో తరచూ వినిపించేదే అయినా, దాని మూలాలు ఆ యంత్రభాగపు స్వభావంలోను, వస్తువుల అమ్మకానికి సంబంధించిన నూరేళ్లకు పైబడిన చట్టాలలోను ఉన్నాయి. క్లచ్ అనేది తిరుగుతున్న ఇంజిన్‌ను, చక్రాలను నడిపే గేర్‌బాక్స్‌తో కలిపి విడదీసే అమరిక. ఇంజిన్ చివర ఉండే ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికి, స్ప్రింగు బలంతో ఒత్తే ప్రెషర్ ప్లేటుకు మధ్య, రాపిడి పొర అతికించిన క్లచ్ ప్లేటు బిగుసుకుని ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ఆ స్ప్రింగును నొక్కి పట్టు సడలిస్తుంది. పెడల్ వదిలేటప్పుడు ప్లేటు కొద్ది క్షణాలు జారుతూ, వేడెక్కుతూ, ఆ తర్వాత గట్టిగా పట్టుకుంటుంది. ఆ కొద్ది క్షణాల జారుడులోనే క్లచ్ అరుగుతుంది. డ్రైవర్లు హాఫ్ క్లచ్ అని పిలిచే పద్ధతిలో, అంటే పెడల్ మీద పాదం ఆనించి బండిని నడిపితే, ఆ జారుడు ఆగకుండా సాగి ప్లేటు త్వరగా కాలిపోతుంది.

తొలినాటి కార్లలో చాలావాటికి తోలు పొర తొడిగిన శంకువు ఆకారపు క్లచ్‌లు ఉండేవి. ఆ తోలు ఎండిపోయేది, కాలిపోయేది, తరచూ మార్చవలసి వచ్చేది. ఇంగ్లండులో 1897లో హెర్బర్ట్ ఫ్రూడ్ బండ్ల బ్రేకుల కోసం మొదలుపెట్టిన రాపిడి పదార్థాల తయారీ తరువాత ఫెరోడో సంస్థగా ఎదిగింది. ఆస్‌బెస్టాస్ నారతో చేసిన పొరలు వాడుకలోకి వచ్చాక క్లచ్ ఆయువు పెరిగింది. ఆ నార ఊపిరితిత్తులకు చేసే హాని తెలిసిన తరువాత ఇతర పదార్థాలు దాని స్థానంలోకి వచ్చాయి. పదార్థం మారినా క్లచ్ అరిగే వస్తువన్న అవగాహన మాత్రం మారలేదు. అందువల్ల కంపెనీలు వారంటీ పత్రాలు రాసినప్పుడు బ్రేకు ప్యాడ్లు, వైపర్ రబ్బర్లతో పాటు క్లచ్ ప్లేటును కూడా సాధారణ అరుగుదలకు లోనయ్యే భాగాల జాబితాలో చేర్చి, దానికి పూచీ లేదనో, కొద్ది కాలం మాత్రమే ఉందనో రాయడం రివాజైంది.

ఈ మినహాయింపులో న్యాయం లేకపోలేదు. అయితే అరుగుదల వేరు, అకాల వైఫల్యం వేరు. క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే కుదుపు తగ్గించే స్ప్రింగులు విరిగిపోవడం, రాపిడి పొరను పట్టి ఉంచే రివెట్లు ఊడిపోవడం, ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్లు చిట్లడం, రిలీజ్ బేరింగ్ బిగుసుకుపోవడం వంటివి సాధారణంగా డ్రైవరు అలవాటుకు అంటగట్టదగిన దోషాలు కావు. ఇంజిన్ వెనుక భాగంలోని సీలు కారి నూనె ప్లేటు మీద పడితే పట్టు తప్పి ప్లేటు జారుతుంది, జారడం వల్ల వేడెక్కుతుంది, చివరకు కాలుతుంది. విప్పి చూసినప్పుడు పొర నల్లబడి, ఫ్లైవీల్ మీద నీలిమచ్చలు కనిపిస్తాయి. హాఫ్ క్లచ్‌లో నడిపిన బండిలోనూ ఇవే ఆనవాళ్లు ఉంటాయి. కాబట్టి కాలిన ప్లేటు ఒక్కదాన్నే చూపి నడిపినవారిదే తప్పని తేల్చడం సాంకేతికంగా నిలబడదు. సీలు, స్ప్రింగులు, కేబుల్ లేదా హైడ్రాలిక్ అమరిక, అన్నీ పరీక్షించాకే ఆ మాట అనాలి. ఈ వివాదాల చరిత్రలో ఆ పరీక్ష చేసేది ఎవరు, దాని ఫలితం రాసేది ఎవరు అన్నదే అసలు ప్రశ్నగా మిగిలింది.

చట్టం మొదట్లో కొనుగోలుదారుకు పెద్దగా అండగా నిలవలేదు. ఇంగ్లండులోని 1893 నాటి వస్తువిక్రయ చట్టాన్ని అనుసరించి భారతదేశంలో 1930లో వచ్చిన వస్తువిక్రయ చట్టం, 12వ సెక్షన్‌లో ఒప్పందపు మాటలను రెండుగా విభజించింది. ఒప్పందానికి ప్రాణమైన మాట షరతు. అది తప్పితే వస్తువును తిరస్కరించవచ్చు. దానికి అనుబంధమైన మాట వారంటీ. అది తప్పితే నష్టపరిహారం మాత్రమే అడగవచ్చు. కొనేవాడు తన అవసరాన్ని చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడినప్పుడు వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలని 16వ సెక్షన్ అంటుంది. అయితే ఇలా చట్టం తానుగా కల్పించిన హక్కులను ఇరుపక్షాలు ఒప్పందం ద్వారా తొలగించుకోవచ్చని 62వ సెక్షన్ అనుమతించింది. ఒప్పంద పత్రం రాసేది ఎప్పుడూ అమ్మేవాడే కనుక, ఈ అనుమతి ఆచరణలో ఒకే పక్షానికి పనికివచ్చింది.

దీని పరాకాష్ఠ అమెరికాలో కనిపించింది. అక్కడి కార్ల తయారీదారుల సంఘం ఒకే నమూనా వారంటీని రూపొందించగా, పెద్ద కంపెనీలన్నీ దాన్నే వాడాయి. 90 రోజులు లేదా 4,000 మైళ్లు, ఏది ముందైతే అది, ఆ లోపు భాగం లోపభూయిష్టమని కంపెనీయే తృప్తిపడితే భాగాన్ని మారుస్తుంది. మరే బాధ్యతా ఉండదు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1960లో హెన్నింగ్‌సెన్ వర్సెస్ బ్లూమ్‌ఫీల్డ్ మోటార్స్ కేసులో ఈ పత్రాన్ని పరిశీలించి, ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా అదే పత్రం మీద సంతకం చేయక తప్పని కొనుగోలుదారుకు బేరమాడే శక్తి లేదని, అందువల్ల ఆ మినహాయింపులు చెల్లవని తీర్పు చెప్పింది. తర్వాత 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, వారంటీ షరతులు అర్థమయ్యే భాషలో ఉండాలని, ఫలానా బ్రాండు విడిభాగమే వాడాలన్న నిబంధనకు వారంటీని ముడిపెట్టరాదని శాసించింది.

భారతదేశంలో ఆ రోజుల్లో సమస్య వేరు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కొద్ది రకాల కోసం ఏళ్ల తరబడి వేచి ఉన్నవారికి కారు చేతికి రావడమే గొప్ప, వారంటీ మీద వాదన తరువాతి మాట. క్లచ్ పోతే విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల మేస్త్రీ ప్లేటుకు కొత్త పొర రివెట్లతో బిగించి ఇచ్చేవాడు, యజమాని కూలి ఇచ్చి తీసుకుపోయేవాడు. 1983 డిసెంబరులో మారుతి 800 రావడం, 1991 తర్వాత విదేశీ కంపెనీలు ప్రవేశించడంతో కారు మధ్యతరగతి కొనుగోలుగా మారి, కంపెనీ సర్వీస్ సెంటర్ ఆ మేస్త్రీ స్థానాన్ని చాలా వరకు ఆక్రమించింది. ఇదే కాలంలో చట్టమూ కదిలింది. గుత్తాధిపత్య, నిర్బంధ వ్యాపార విధానాల చట్టానికి 1984లో చేసిన సవరణ, తగిన పరీక్ష లేకుండా వస్తువు పనితీరుకు హామీ ఇవ్వడాన్ని అక్రమ వ్యాపార విధానంగా పరిగణించింది. 1986 వినియోగదారుల రక్షణ చట్టం ఆ నిర్వచనాన్ని స్వీకరించి, లాయరు లేకుండానే ఫిర్యాదు చేసుకునే జిల్లా ఫోరాలను ఏర్పాటు చేసింది.

అయినా రుజువు భారం ఫిర్యాదుదారు మీదే నిలిచింది. లోపం కంటితో తేలనప్పుడు వస్తువును ప్రయోగశాలకు పంపాలని చట్టం చెప్పినా, ఆ రుసుము ముందుగా ఫిర్యాదుదారే జమ చేయాలి. మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో, వారంటీ ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చడమే కంపెనీ బాధ్యత, కారునే మార్చి ఇవ్వమనడం కుదరదని తేల్చింది. ఈ తీర్పును క్లచ్ వివాదాలలో కంపెనీలకు అనుకూలమైనదిగా చూడడం సగం నిజమే. భాగాన్ని మార్చవలసిన బాధ్యత మాత్రం అందులో స్పష్టంగా ఉంది. 2010లో ఫియట్ కారు కేసులో అదే కోర్టు, కారును స్వతంత్ర నిపుణుడి చేత పరీక్షింపజేసి, తయారీ లోపం తేలితే ధర వాపసు ఇవ్వాలని ఆదేశించింది. పరీక్షను కంపెనీ చేతి నుంచి బయటకు తీసిన ఈ ఆదేశం క్లచ్ వివాదాలకు మరింత విలువైనది.

అలవాటును నిందించే వాదన ఎంత దూరం పోగలదో ఆస్ట్రేలియా చూపింది. ఫోర్డ్ కంపెనీ ఫియెస్టా, ఫోకస్, ఈకోస్పోర్ట్ కార్లలో అమర్చిన పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సులో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి, వాటిని డ్రైవరు పాదం కాక కంప్యూటర్ నడుపుతుంది. అక్కడ దాదాపు 70,000 కార్లు అలా అమ్ముడయ్యాయి. బండి వణుకుతోందని, పట్టు తప్పుతోందని వేలమంది ఫిర్యాదు చేసినప్పుడు, లోపం గురించి తెలిసి ఉండి కూడా, అది నడిపే తీరు వల్ల వచ్చిందని కంపెనీ చాలామందికి చెప్పింది. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే ఆ వణుకును డీలరు ఎదుట చూపితేనే మరమ్మతు చేస్తామంది. పెడలే లేని క్లచ్‌కు నడిపినవారి పాదాన్ని నిందించడం అన్యాయానికి పరాకాష్ఠ. ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ దావా వేయగా, 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు ఇరుపక్షాల అంగీకారంతో ఆ ప్రవర్తన మనస్సాక్షికి విరుద్ధమని ప్రకటించి, కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది.

భారతదేశంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, బయటి మెకానిక్ చేత పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందన్న నిబంధన పెట్టరాదని ఆదేశించింది. ఆ ఉత్తర్వుపై అప్పీళ్లు నడిచాయి గాని, ఆ సూత్రం న్యాయమైనది. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం తొలిసారిగా ఉత్పత్తి బాధ్యతకు ప్రత్యేక అధ్యాయం కేటాయించింది. 84వ సెక్షన్ ప్రకారం తయారీ లోపం, రూపకల్పన లోపం, ఇచ్చిన వారంటీకి వస్తువు సరిపోలకపోవడం వల్ల కలిగే హానికి తయారీదారే బాధ్యుడు. వారంటీ ఇవ్వడంలో అజాగ్రత్త లేదని నిరూపించుకున్నా తప్పించుకోలేడు. ఏకపక్షమైన ఒప్పందాలను అన్యాయమైనవిగా ప్రకటించే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు దక్కింది. 1986 చట్టం కింద ప్రతివాది వ్యాపారం చేసే చోట, లేదా వివాద కారణం తలెత్తిన చోట మాత్రమే ఫిర్యాదు వేయవలసి ఉండగా, ఇప్పుడు కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే వేయవచ్చు. గడువు వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. వారంటీ నిరాకరించినప్పుడు కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం, విప్పిన క్లచ్ సెట్టును సర్వీస్ సెంటరుకు వదిలేయకుండా వెనక్కి తెచ్చుకోవడం ప్రతి కారు యజమానీ తప్పక చేయవలసిన పనులు. వినియోగదారుల కమిషన్ ముందు నిపుణుడు పరీక్షించేందుకు ఆ పాత ప్లేటే ముఖ్యమైన సాక్ష్యం.